తోడేలున్న చోట పులిని పెట్టండి: జంతువుల, రంగుల ఇంగ్లిష్ ఇడియమ్స్ నేర్చుకునే తీరు

ఇడియమ్స్ పుస్తకం కొని ఏబీసీడీ వరుసలో బట్టీ పట్టేవాళ్లు 'సి' అక్షరం దాటడం అరుదు. హన్మకొండ నక్కలగుట్టలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు, బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) పరీక్షలు రాసేవాళ్లకు ఇంగ్లిష్ చెబుతుంటాను. (నక్కల పేరున్న చోట కూర్చొని జంతువుల ఇడియమ్స్ చెప్పడం నాకు ముచ్చటగానే ఉంటుంది.) కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నోట్‌బుక్‌ను మూడు భాగాలు చేయండి. తెలుగులో ఉన్నదున్నట్టుగా దొరికేవి ఒక భాగం, వేషం మార్చుకొని దొరికేవి ఒకటి, మన బుద్ధికి అడ్డం తిరిగేవి ఇంకొకటి. మీ టైమంతా ఆ మూడోదాని మీద పెట్టండి.

మొదటి భాగం ఒక్క పూటలో అయిపోతుంది. క్రోకడైల్ టియర్స్ అంటే మొసలి కన్నీరే. డాంకీ వర్క్ అంటే గాడిద చాకిరీయే. సీ రెడ్ అంటే కళ్లెర్రజేయడం. వైట్ ఎలిఫెంట్‌ను మన పేపర్లు ఎప్పుడో తెల్ల ఏనుగు చేసేశాయి. వీటికి అర్థాలు రాసుకోవడం దండగ. ఇంగ్లిష్ రూపం మాత్రం పొల్లు పోకుండా రాసుకోవాలి. 'కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్' అనేదాన్ని మనం 'ఒకే దెబ్బకు రెండు పిట్టలు' అంటాం కదా అని 'ఇన్ వన్ షాట్ టూ బర్డ్స్' అని రాస్తే పరీక్షలో మార్కు పోతుంది. 'స్మెల్ ఎ ర్యాట్' (ఏదో మోసం ఉందని అనుమానపడటం) కూడా అంతే. ఎలుకను వాసనే చూడాలి, కంటితో చూడకూడదు.

రెండో భాగంలో ఒక చిన్న కిటుకు ఉంది. ఇంగ్లిష్‌లో తోడేలు కనిపిస్తే తెలుగులో పులి కోసం వెతకండి. 'క్రై వుల్ఫ్' అంటే మనం చిన్నప్పుడు విన్న 'నాన్నా పులి' కథే. 'వుల్ఫ్ ఇన్ షీప్స్ క్లోతింగ్' అంటే మేకవన్నె పులి. అక్కడి గొర్రె ఇక్కడ మేకయింది, తోడేలు పులయింది. అన్నిచోట్లా కుదరదు గానీ, కుదిరినచోట మళ్లీ మర్చిపోరు.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' కూడా ఇక్కడిదే. మా అమ్మమ్మ అయితే 'అమాసకో పున్నానికో' అంటది. తీరు ఒకటే, కొలత వేరు. అమాస, పున్నం నెలనెలా వస్తాయి. ఒకే ఇంగ్లిష్ నెలలో రెండు పున్నములు పడితే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. చంద్రుడు నీలంగా ఏమీ ఉండడు. 2023 ఆగస్టులో అట్ల వచ్చింది, 2026 మే నెలలో 1న, 31న రెండు పున్నములు. అంటే సగటున రెండున్నర ఏళ్లకు పైనే. అల్లుడు అమాసకో పున్నానికో వస్తే అత్తగారు ఓర్చుకుంటుందేమో. బ్లూ మూన్‌కు వస్తే మాత్రం పంచాయతీయే.

ఇక మూడో భాగం. బ్లాక్ షీప్ చెప్పినప్పుడు ఒక కురుమోళ్ల పిల్ల లేచి, "మేడం, నల్ల గొర్రె ఉంటే మంచిదే గదా?" అంది. ఆమె అన్నది నిజమే. దక్కని గొర్రెలు ఎక్కువగా నల్లవే, ఆ ఉన్నితోనే గొంగళ్లు నేస్తారు. ఇంగ్లండులో లెక్క వేరు. తెల్ల ఉన్నికి ఏ రంగైనా అద్దొచ్చు, నల్లదానికి అద్దలేరు, అందుకే ధర తక్కువ. అట్ల ఇంటి పరువు తీసేవాడు బ్లాక్ షీప్ అయ్యాడు. ఈ కారణం తెలిసిన పిల్లలకు దాన్ని మళ్లీ చూసుకోవాల్సిన పని పడదు. అందుకే అడ్డం తిరిగే ప్రతి ఇడియమ్ పక్కన ఒక్క లైన్‌లో 'ఎందుకు' అని రాసుకోమంటాను.

కొన్నిసార్లు ఆ 'ఎందుకు' మన అంగడిలోనే దొరుకుతుంది. 'డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్' వింటే ముందు నవ్వొస్తుంది. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూడమా? రెండు పండ్లా, ఆరు పండ్లా అని వయసు తేల్చమా? గుర్రానికీ అంతే. ఊరికే ఇచ్చినదానికి వంకలు పెట్టొద్దని దాని భావం.

రంగుల్లో నలుపు దగ్గర జాగ్రత్త. 'ఇన్ ద రెడ్' అంటే నష్టంలో, 'ఇన్ ద బ్లాక్' అంటే లాభంలో. పాత ఖాతా పుస్తకాల్లో లోటును ఎర్ర సిరాతో రాసేవారు. మనకేమో 'బ్లాక్‌లో' అనగానే సినిమా టికెట్ గుర్తొస్తుంది. కంపెనీ బ్లాక్‌లో ఉందంటే దొంగ సొమ్మనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ లెక్కతో వాక్యం రాయండి: మిర్చి ధర పడిపోయి ఈ ఏడు రైతు 'ఇన్ ద రెడ్'. మిర్చి ఎరుపు, నష్టం ఎరుపు, ఒక్కచోటే నిలుస్తాయి.

'గ్రీన్ విత్ ఎన్వీ' నాకు చాలా ఇష్టం. అక్కడ ఓర్వలేనివాడే పచ్చబడతాడు. మన దగ్గర ఎదుటివాడి సంసారం పచ్చగా ఉంటే వీడు ఓర్వలేడు. రంగు మాత్రం ఎవరి మీద ఉందో చూసుకోండి.

'రెడ్ హ్యాండెడ్' మన పేపర్లలో రోజూ ఉండేదే. లంచం తీసుకుంటూ ఏసీబీకి రెడ్‌హ్యాండెడ్‌గా దొరికాడని రాస్తారు. పుట్టింది స్కాట్లాండ్ న్యాయ భాషలో, అక్కడ ఎరుపంటే చేతులకంటిన నెత్తురు. ఏసీబీవాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తీసుకున్నవాడి చేతులను సోడియం కార్బొనేట్ నీళ్లలో కడిగిస్తే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. మాట ఎక్కడో పుట్టినా మన ఆఫీసుల్లో దాదాపు అక్షరాలా నిజమవుతోంది. వాడేటప్పుడు 'కాట్ రెడ్‌హ్యాండెడ్' అనాలి, 'విత్ రెడ్ హ్యాండ్స్' కాదు.

నేర్చినవన్నీ ఇంటర్వ్యూలో కుమ్మరించకండి. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' పాఠ్యపుస్తకాల్లో బతికినంతగా జనం నోట్లో బతకడం లేదు. 2023 జులైలో మన కాలనీలు మునిగినప్పుడు ఒకబ్బాయి ఆ వానను ఇదే ఇడియమ్‌తో వర్ణించాడు. ఇల్లు మునిగినవాళ్ల ముందు కుక్కలు, పిల్లులు అంటే వెక్కిరించినట్టే. అక్కడ 'హెవీ రెయిన్' చాలు. 'లక్కీ డాగ్' (అదృష్టవంతుడు) సరదా మాటే అయినా స్నేహితుల వరకే, మేనేజర్‌ను అంటే ఇక్కడ కుక్క అన్నట్టే వినబడుతుంది. సాఫ్ట్‌వేర్ వైపు పోయేవాళ్లకు ఇంకో మాట: చాలా కంపెనీలు 'బ్లాక్‌లిస్ట్' (అడ్డుకునేవాటి జాబితా) బదులు 'డినైలిస్ట్', 'వైట్‌లిస్ట్' (అనుమతించేవాటి జాబితా) బదులు 'అలౌలిస్ట్' రాస్తున్నాయి.

వారానికి ఐదారు చాలు. ఒక్కోదానికి మీ ఇంటి గురించో, వీధి గురించో, నిజంగా జరిగినదానితో ఒక వాక్యం రాయండి. ఆదివారం నోట్‌బుక్ మూసి, వాక్యం తెలుగులో చెప్పమని తమ్ముడినో చెల్లెనో అడగండి. మీరు ఇంగ్లిష్‌లో ఇడియమ్ అందించాలి. అందని వాటిని వచ్చే వారం లెక్కలో కలుపుకొని, కొత్తవి ఆ మేరకు తగ్గించుకోండి.