పాత డీజిల్ ఇంజిన్‌లో రాకర్లకు ఆయిల్ అందకపోతే: నా అనుభవం

ఇంజిన్ వేడెక్కగానే పైభాగంలో టకటకమని చప్పుడు. ఆయిల్ ప్రెజర్ గేజ్ మాత్రం సరిగ్గానే చూపించేది. ఆయిల్, ఫిల్టర్ మార్చడం, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేయడం, చిక్కటి ఆయిల్ పోయడం ఏవీ పనిచేయలేదు.

చివరికి వాల్వ్ కవర్ తీసి, ఇంధనం ఆపి, స్టార్టర్‌తో ఇంజిన్‌ను కొద్దికొద్దిగా తిప్పాను. ముందువైపు రాకర్ల (వాల్వులను నొక్కి తెరిచే చేతుల) మీద ఆయిల్ ఊరుతోంది, వెనకవైపువి పొడిగా ఉన్నాయి. అంటే పంపు బాగానే ఉంది, అడ్డు రాకర్ షాఫ్ట్‌లోనే (రాకర్లను మోస్తూ వాటికి ఆయిల్ అందించే బోలు కడ్డీలోనే) ఉండాలి.

విప్పేముందు రాకర్ల వరుసను, షాఫ్ట్ రంధ్రాలు ఎటు తిరిగి ఉన్నాయో ఫోటో తీసుకున్నాను. షాఫ్ట్ చివరి బిరడా ఊడదీస్తే లోపల నల్లటి మడ్డి తారులా గట్టిపడి ఉంది. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమి, ఒక్కో రంధ్రంలో సన్నని రాగి తీగ ఆడించాను. ఉక్కు తీగ అయితే అంచులు గీసుకుపోతాయి. తర్వాత కంప్రెసర్ గాలి కొట్టాను. కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని చేయకండి.

ఇంజిన్ హెడ్‌లోంచి షాఫ్ట్‌కు ఆయిల్ పైకి వచ్చే దారిలో బ్రష్ దూర్చలేదు, మడ్డి బేరింగుల వైపు జారే ప్రమాదం ఉంది. పుష్‌రాడ్లు (రాకర్లను కిందినుంచి నెట్టే కడ్డీలు) తీసి మళ్లీ స్టార్టర్ తిప్పితే అక్కడ ఆయిల్ పొంగింది. ఆ తర్వాతే షాఫ్ట్‌ను మాన్యువల్ ప్రకారం సమానంగా బిగించి, వాల్వుల సందు (క్లియరెన్స్) పెట్టి, అన్ని రాకర్లూ తడిసేదాకా తిప్పాను. కొద్దిసేపు నడిపాక ఆయిల్, ఫిల్టర్ మరోసారి మార్చాను. చప్పుడు పోయింది.

ఇది అన్ని ఇంజిన్లకూ వర్తిస్తుందనలేను. ప్రెజరే తక్కువగా ఉంటే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జల్లెడ, రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ను వదిలేసేది), బేరింగుల అరుగుదల ముందుగా చూడాలి.