కథానాయకుడికి సొంత కారణం

కథానాయకుడి చేత ఏం చేయించాలో రచయితకు తొందరగానే తెలుస్తుంది. ఆ పని అతడే ఎందుకు చేయాలో తేలకపోతే, అతణ్ణి తీసి మరొకరిని నిలబెట్టినా కథ యథాతథంగా నడిచిపోతుంది. రాయడానికి కూర్చునే ముందే ఈ మార్పిడి ఒకసారి మనసులో చేసి చూడాలి.

శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ చేయించిన గ్రామాల్లాంటిదొకటి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉందనుకుందాం. అంతకు కొన్నేళ్ల ముందు, భూసేకరణ జరుగుతున్న రోజుల్లో, ఊరి భూముల లెక్కలు చూసే పట్వారీ దగ్గర రాతపని చేసే ఒక యువకుడు నష్టపరిహారం జాబితా సిద్ధం చేస్తున్నాడు. ఊరికి న్యాయం జరగాలన్న తపన అతడికి ఉందని రాస్తే పాఠకుడు కాదనడు, అలాగని కదిలిపోడు కూడా. ఆ తపన ఊళ్లో ఎవరికైనా ఉండవచ్చు. అదే అతడి తండ్రి ఏనాడో రెండెకరాలు పక్కింటి రైతుకు సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం) మీద అమ్మాడని, రిజిస్ట్రేషన్ కాలేదు గనుక పట్టా ఇంకా తండ్రి పేరునే ఉందని పెట్టి చూడండి. ఆ రోజుల్లో ఊరి భూముల రికార్డైన పహాణీలో పట్టాదారు కాలమ్ వేరు, భూమిని నిజంగా సాగుచేసుకునే అనుభవదారు కాలమ్ వేరు. మొదటిదాన్నే పట్టుకుంటే పరిహారం తమ ఇంటికి వచ్చి చెల్లెలి పెళ్లి జరుగుతుంది; రెండోదాన్ని అధికారుల దృష్టికి తెస్తే తండ్రి ఇచ్చిన మాట నిలుస్తుంది.

ఇక్కడ ముంపు రాకపోతే ఆ పాత కాగితం బయటపడేదే కాదు. సొంత కారణానికీ కథాంశానికీ ఉండవలసిన సంబంధం ఇదే. నాయకుడి చిన్నతనంలో ఒక విషాదం పెట్టేసి కారణం దొరికిందనుకోవడం మనకు బాగా అలవాటు (సినిమాలు ఆ అలవాటును ఇంకా ముదరబెట్టాయి), కానీ ఇప్పటి నిర్ణయానికి అడ్డుపడని గతం ఎంత బాధాకరమైనదైనా కథను ముందుకు నడపదు. కారణం రెండువైపులా లాగాలి. చెల్లెలి పెళ్లి ఒక్కటే ఉంటే అతడు దురాశాపరుడు, తండ్రి మాట ఒక్కటే ఉంటే ధర్మాత్ముడు; ఇద్దరి గురించీ పెద్దగా రాయడానికేమీ ఉండదు.

ఆ కారణాన్ని అతడి నోటితో చెప్పించవద్దు. మిగిలిన సర్వే నంబర్లన్నీ శ్రద్ధగా రాస్తూ, ఆ ఒక్కదాన్ని మాత్రం రేపటికి వాయిదా వేస్తూ పోనివ్వండి. పక్కింటి రైతును దుర్మార్గుణ్ణి చేస్తే నిర్ణయం తేలికైపోతుంది కాబట్టి, అతణ్ణి మంచివాడిగానే ఉంచి, “మీ నాయిన చేతిరాతే గదా బిడ్డా, నాకేం భయం” అనిపించండి. ఆ మాట తర్వాత యువకుడు ఏమీ జవాబు చెప్పనక్కరలేదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక అతడు ఏదో ఒకటి తేల్చుకునే సన్నివేశాలను మాత్రమే విడిగా చదివి, ప్రతిదాని పక్కనా అక్కడ అతడు సొంతంగా ఏం పోగొట్టుకోబోతున్నాడో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఏమీ రాయలేకపోయిన చోట ఆ రెండెకరాల ప్రసక్తి రావాలి, లేదా ఆ సన్నివేశాన్నే తీసేయాలి.