ఎండుటాకులు ఎత్తించే పని ఎలా అప్పగించాలి

బెంగళూరులో మాఘ ఫాల్గుణాలలో కానుగ చెట్లు ఆకు రాల్చకముందే పనివారిని మాట్లాడుకోవడం మేలు. ఫోనులోనే ధర ఖాయం చేసుకోకుండా, పెరడూ మిద్దే దగ్గరుండి చూపించి, కూలి రోజుకా గుత్తకా, పొరకలూ గోనెసంచులూ ఎవరివి అన్నది ముందే తేల్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఊడ్చిన ఆకు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న; ‘అదంతా మేం చూసుకుంటాం సార్’ అన్నారంటే చాలాసార్లు వీధి చివర నిప్పు పెడతారనే అనుకోవాలి, అలా తగులబెట్టడాన్ని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలే నిషేధించాయి. కనుక ప్లాస్టిక్ ఏరివేసి, ఆకును మొక్కల మొదళ్లలో పరచడమో, తడిపి ఎరువు తొట్టిలో నింపడమో బేరంలోనే చేర్చాలి. మిద్దె తూము వద్ద బకెట్ నీళ్లు పోయించి, అవి నిలవకుండా దిగిపోయాకే డబ్బు చెల్లించాలి. సగం బయానా ఇవ్వడం కూడా, నన్నడిగితే, ఎక్కువే.