తేలినీలాపురం పక్షుల దగ్గరికి చంటిపిల్లలతో

దసరా దాటాక శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా ఉంటాయి. రెండేళ్ల పిల్లలుంటే పొద్దున్న 7 గంటలకల్లా అక్కడుండేలా బయల్దేరండి. 10 అయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది, నిద్రవేళా ముంచుకొస్తుంది, ఇక పేచీలే. పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి (స్ట్రోలర్) బురదగట్ల మీద కదలదు, చంకనెత్తుకోవాల్సిందే. గూళ్లున్న చెట్ల కింద నిలబడొద్దు, రెట్టలు పడతాయి. టోపీ, అదనంగా ఒక జత బట్టలు ఉంచుకోండి.

అసలు జాగ్రత్త దూలగొండితో, కాయల మీది నూగు తగిలితే విపరీతంగా దురద పెట్టే తీగ అది. గట్ల మీది కంపల్లో ఆ కాయలు ఈ కాలంలోనే ముదురుతాయి. వంకర చింతకాయలా, బంగారు రంగు నూగుతో ముద్దొస్తాయి, పిల్లలు వెంటనే చెయ్యి పెడతారు. అంటుకుంటే రుద్దొద్దు, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి లాగండి, ప్రతిసారీ కొత్త ముక్కతో, నాలుగైదు సార్లు. ఆ తర్వాతే సబ్బునీళ్లు. ఆ చేత్తో కళ్లు నలుపుకోనివ్వకండి. చొక్కా విప్పి విడిగా మూటకట్టండి, లేదంటే ఎత్తుకున్నవాళ్లకీ దురదే.

తిండికి ఇడ్లీ, అరటిపండు చాలు. దారిలో అమ్మే వేరుశనగ గింజలు మాత్రం పెట్టొద్దు, ఈ వయసులో గొంతుకి అడ్డం పడతాయి.