టెరిటోరియల్ ఆర్మీ నుంచి గడువుకు ముందే బయటికి రావాలంటే: దరఖాస్తు విధానం

వేరే జీవనాధారం ఉన్నవారు పార్ట్‌టైమ్‌గా పనిచేసే సైనిక దళమైన టెరిటోరియల్ ఆర్మీలో చేరిన మన వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి కుర్రాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ‘ఇష్టపడి చేరాం కాబట్టి ఇష్టం లేనప్పుడు మానేయవచ్చు, రెండుసార్లు క్యాంపుకు వెళ్లకపోతే పేరు వాళ్లే కొట్టేస్తారు’ అన్నది దాని సారాంశం. ఈ మాట విని ఇంట్లో కూర్చున్నవారి ఇంటికి ఆ తరువాత స్థానిక పోలీసు స్టేషన్ నుంచి కబురు రావచ్చు. చేరేటప్పుడు మన ఇష్టం చాలు. బయటికి రావడానికి మాత్రం పైవారి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా మీరు సైనికులే.

ఇక్కడ చెప్పేదంతా టెరిటోరియల్ ఆర్మీ, అంటే టీఏ, గురించి మాత్రమే. హోంగార్డులు పోలీసు శాఖ కిందికి వస్తారు. అగ్నివీరులు రెగ్యులర్ సైన్యం. వారు నాలుగేళ్లకు ముందే సొంత కోరికపై బయటికి రావడం అసాధారణ పరిస్థితుల్లో, సంబంధిత అధికారి మంజూరు చేస్తేనే సాధ్యం. ‘ధోనీ వచ్చి వెళ్లలేదా’ అని అడిగేవారూ ఉన్నారు. 2011లో ఆయనకు టీఏలో ఇచ్చింది గౌరవ హోదా. దానికీ, ఎన్‌రోల్‌మెంట్ ఫారంపై మీరు పెట్టిన సంతకానికీ పోలిక లేదు.

ముందు చూడవలసింది సమయం

1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో 8వ సెక్షన్ డిశ్చార్జి, అంటే సేవ నుంచి విడుదల, గురించి చెబుతుంది. నమోదైన కాలం పూర్తయితే డిశ్చార్జి మీ హక్కు. అంతకు ముందైతే నిర్దేశించిన అధికారి, నిర్దేశించిన షరతులకు లోబడి, ఇవ్వవచ్చు. అంటే గడువుకు ముందు మీరు అడగగలరు గానీ పట్టుబట్టలేరు. అదే సెక్షన్‌లో మరో ముఖ్యమైన మాట ఉంది: ఈ చట్టం కింద సైనిక సేవలో నిమగ్నమై ఉన్న వ్యక్తికి ఆ సేవ ముగిసేదాకా డిశ్చార్జి పొందే హక్కు లేదు.

యూనిట్ భాషలో దీన్ని ‘ఎంబాడీడ్’, ‘డిసెంబాడీడ్’ అంటారు. ఏటా జరిగే శిక్షణ ముగించుకుని ఇంటికి వచ్చి, మీ ఉద్యోగమో వ్యవసాయమో చూసుకుంటున్నప్పుడు మీరు డిసెంబాడీడ్. బెటాలియన్‌ను సేవకు పిలిచి ఎక్కడో మోహరించినప్పుడు ఎంబాడీడ్. దరఖాస్తుకు అనువైనది డిసెంబాడీడ్ స్థితే. ఎంబాడీడ్‌గా ఉండగా పెట్టుకున్న అర్జీ చాలావరకు ఫైల్లోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ఈ తేడా మరింత ముఖ్యమైంది. 2025 మే 6న కేంద్ర ప్రభుత్వం, టీఏ నిబంధనల్లోని 33వ నిబంధన కింద టీఏ సిబ్బందిని సేవకు పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చింది. 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను వివిధ కమాండ్ల పరిధిలో మోహరించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు కాలం 2025 ఫిబ్రవరి 10 నుంచి 2028 ఫిబ్రవరి 9 వరకు. కాబట్టి అర్జీ రాసే ముందు మీ బెటాలియన్ ఏ స్థితిలో ఉందో, రాబోయే నెలల్లో పిలుపు ఉందో లేదో కంపెనీ క్లర్కును అడిగి తెలుసుకోండి. సికింద్రాబాద్‌లోని 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ గార్డ్స్ వారికి ఇది కాజీపేటలో రైలెక్కితే ఒక పూటలో తేలే పని. కొల్హాపూర్‌లోనో కోయంబత్తూరులోనో ఉన్న యూనిట్ వారు ముందుగా ఫోను చేసి, తరువాత లిఖితపూర్వకంగా అడగడం మేలు.

నిజంగా మానేయాలా?

దరఖాస్తు పెట్టాలనుకునే వారిలో కొందరికి కావలసింది డిశ్చార్జి కాదు. మిర్చి కోతలకు మనుషులు దొరకని ఫిబ్రవరి, మార్చి నెలల్లో క్యాంపు పడింది; ఇంట్లో పెద్దాయన ఒక్కడే చేను చూసుకోలేడు; ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తోలే మనిషి లేడు. ఇది ఆ ఏటి ఇబ్బంది. దీనికి అడగవలసింది క్యాంపు తేదీల మార్పు, లేదా మరో విడతలో శిక్షణ. ఇస్తారన్న హామీ లేదు గానీ, డిశ్చార్జి కన్నా తేలికగా దొరుకుతుంది.

రెండోది యజమాని ఒత్తిడి. ‘రెండు నెలలు మిలటరీకి పోతే ఉద్యోగం ఉండదు’ అని ప్రైవేటు కంపెనీ బెదిరిస్తే, చట్టంలో 7ఏ సెక్షన్ ఉంది. శిక్షణకో సేవకో పిలుపు మీద వెళ్లి వచ్చిన వ్యక్తిని తిరిగి పనిలోకి తీసుకోవలసిన బాధ్యత యజమానిదే అని అది చెబుతుంది. ఈ సెక్షన్ పేరు చెప్పి, యూనిట్ నుంచి ఒక లేఖ ఇప్పించుకుంటే సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి. కొత్తగా సింగరేణిలోనో ప్రభుత్వ శాఖలోనో ఉద్యోగం వచ్చినవారు కూడా వెంటనే రాజీనామా గురించి ఆలోచించనక్కర్లేదు. టీఏ అసలు ఉద్దేశమే వేరే జీవనాధారం ఉన్నవారు పార్ట్‌టైమ్‌గా పనిచేయడం. కొత్త యజమాని నుంచి నిరభ్యంతర పత్రం దొరుకుతుందా అన్నదే ప్రశ్న. దొరకకపోతే, ఆ నిరాకరణ లేఖే మీ అర్జీకి మంచి ఆధారం.

అర్జీ రాయడం

దీనికి మీసేవలో ఫారం ఉండదు, ఆన్‌లైన్ పోర్టల్‌లో బటన్ ఉండదు. తెల్ల కాగితం మీద కమాండింగ్ ఆఫీసర్ పేరిట, కంపెనీ కమాండర్ ద్వారా, ఇంగ్లిషులోగాని హిందీలోగాని రాయాలి. నేరుగా ఢిల్లీకి, రక్షణ మంత్రికి రాసినది తిరిగి తిరిగి అదే కంపెనీ ఆఫీసుకు వచ్చి చేరుతుంది; ఈలోగా నెలలు గడుస్తాయి, పైగా వరుస తప్పించారన్న పేరు మిగులుతుంది.

పై భాగంలో ఆర్మీ నంబరు, ర్యాంకు, పూర్తి పేరు, కంపెనీ, నమోదైన తేదీ, ఇప్పటివరకు చేసిన ఎంబాడీడ్ సేవ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని నెలలు అన్నవి ఉండాలి. అసలు బరువంతా కారణం రాసే పేరాలో ఉంటుంది. ‘కుటుంబ సమస్యల వల్ల సేవ కొనసాగించలేను’ అన్న వాక్యం ప్రతి అర్జీలోనూ ఉంటుంది, అందుకే ఎవరూ దాన్ని చదవరు. ఇలా రాసి చూడండి:

‘మా నాన్నగారికి గత సంవత్సరం పక్షవాతం వచ్చి కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చికిత్స కాగితాలు, సదరం సర్టిఫికెట్ జతచేస్తున్నాను. నేను ఒక్కడినే కొడుకును, అక్కకు పెళ్లయి కరీంనగర్‌లో ఉంటోంది. అమ్మ ఒక్కతే ఆయనను లేపి కూర్చోబెట్టలేదు. నాలుగెకరాల సాగు నా మీదే ఉంది. ఈ కారణంగా గడువుకు ముందే నన్ను డిశ్చార్జి చేయవలసిందిగా ప్రార్థన. దీనివల్ల పింఛను అర్హత పోతుందని తెలిసే, ఎవరి ఒత్తిడీ లేకుండా కోరుతున్నాను.’

ఇందులో చదివే అధికారికి కలిగే ప్రశ్నలకు ముందే జవాబులున్నాయి: ఇంకెవరూ చూసుకోలేరా, ఎంతకాలంగా, రుజువేమిటి. చివరి వాక్యం మరచిపోకండి. రేపు మీరు మనసు మార్చుకుని ‘నన్ను బలవంతంగా పంపేశారు’ అనే అవకాశం లేకుండా యూనిట్ ఎలాగూ అలాంటి వాక్యం రాయించుకుంటుంది.

జతచేయవలసిన కాగితాలు కారణాన్ని బట్టి మారతాయి. ఒక్కడే కొడుకు అని చెబితే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. భూమి గురించి చెబితే పట్టాదారు పాసుపుస్తకం నకలు. చదువు అయితే అడ్మిషన్ లేఖ. ఇంటి ఇబ్బందులను ఆధారం చేసుకున్న అర్జీల్లో సైన్యం కొన్నిసార్లు జిల్లా యంత్రాంగం ద్వారానో సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానో విచారణ చేయిస్తుంది. కాబట్టి ఊళ్లో అడిగితే ఎవరైనా చెప్పే మాటకూ, కాగితం మీది మాటకూ తేడా ఉండకూడదు. వరంగల్ సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జి ఇచ్చే అధికారం లేదు. అర్జీ రాయడంలో సలహా ఇస్తారు, విచారణ వస్తే నివేదిక పంపుతారు, అంతే.

మీ సొంత అనారోగ్యమే కారణమైతే దారి వేరు. ప్రైవేటు ఆసుపత్రి రిపోర్టులు ఎన్ని పెట్టినా, తుది మాట సైనిక వైద్యులదే. మన ప్రాంతం వారిని మామూలుగా సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ ఆసుపత్రికి పంపుతారు. శిక్షణలోనో డ్యూటీలోనో తగిలిన దెబ్బ అయితే సొంత కోరికపై డిశ్చార్జి అడగకండి. మెడికల్ బోర్డు కోసం అడగండి. ఈ రెండింటిలో ఏది అడిగారన్న దానిపై వైకల్య పింఛను ఆధారపడవచ్చు. తొందరలో సొంత కోరిక అని రాసినవారు ఆ తరువాత ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరగవలసి వస్తుంది.

ఇచ్చిన తరువాత

చేతికి ఇస్తే నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసిపోయింది. కంపెనీ కమాండర్ అభిప్రాయం రాసి పైకి పంపిన తరువాత కమాండింగ్ ఆఫీసర్ మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలుస్తారు. అక్కడ కంఠస్థం చేసిన ఉపన్యాసం అక్కర్లేదు, అర్జీలో ఉన్నదే చెప్పండి. సొంత కోరికపై డిశ్చార్జి విషయంలో రెగ్యులర్ సైన్యానికి 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 13వ నిబంధన రెండు కొలబద్దలు పెట్టింది: కోరిక మన్నించడం సబబేనా, మన్నిస్తే యూనిట్ బలం మరీ తగ్గిపోతుందా. టీఏకు సొంత నిబంధనలున్నా, బల్ల అవతల కూర్చున్న అధికారి మనసులో మెదిలేవి ఇవే. మొదటిదానికి మీ దగ్గర జవాబుంది. రెండోది మీ చేతిలో లేదు.

ఈలోగా క్యాంపుకు పిలుపు వస్తే వెళ్లి తీరాలి. ‘అర్జీ పెట్టాను కదా’ అన్నది సాకు కాదు. సేవకు పిలిచిన తరువాత, ఎంబాడీ అయిన తరువాత 1950 నాటి ఆర్మీ చట్టం మీకు వర్తిస్తుంది. అనుమతి లేకుండా 30 రోజులు రాకపోతే 106వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైనిక విచారణ) వేస్తారు. అనుమతి లేని గైర్హాజరుకు 39వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. క్రమశిక్షణ కేసు తెరుచుకుంటే డిశ్చార్జి అర్జీ సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

మంజూరైతే క్లియరెన్స్ కాగితం పట్టుకుని స్టోరు, కోత్ (ఆయుధాల గది), క్యాంటీన్, మెడికల్ గది అన్నీ తిరగాలి. కిట్‌లో తగ్గిన వస్తువుల ధర కోస్తారు. గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు అప్పగించాలి. చివరి వైద్య పరీక్షలో పాత గాయాలన్నీ నమోదయ్యేలా చూసుకోండి, ‘ఏమీ లేదు సార్’ అని తొందరపడి బయటపడకండి.

డిశ్చార్జి బుక్ మీద సంతకం పెట్టే ముందు పేరు అక్షరం అక్షరం చూడండి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, సైన్యం రికార్డులో అది చివరికి వెళ్లిపోయి ఉండవచ్చు, లేదా అసలు లేకుండా ‘కుమార్’ ఒక్కటే మిగలవచ్చు. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అంతే. యూనిట్‌లో ఉండగా దిద్దించుకోవడానికి ఒక అర్జీ చాలు. బయటికి వచ్చాక రికార్డ్ ఆఫీసుతో ఉత్తరప్రత్యుత్తరాలే.

ఏం పోతుంది?

జవాన్లకు 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్లు మొత్తం ఎంబాడీడ్ సేవ ఉంటేనే సర్వీసు పింఛను. క్యాలెండర్ ఏళ్లు కాదు, ఎంబాడీ అయి ఉన్న కాలం మాత్రమే లెక్క. పదమూడు, పద్నాలుగేళ్ల దగ్గర ఉన్నవారు సర్వీసు లెక్క రాతపూర్వకంగా తెప్పించుకోకుండా అర్జీ పెట్టడం నా దృష్టిలో తెలివితక్కువ పని. మాజీ సైనికుల కోటా గురించి కూడా ఆశలు వద్దు. టీఏ వారిలో నిరంతర ఎంబాడీడ్ సేవకు పింఛను పొందేవారిని, సేవ వల్ల వైకల్యం కలిగినవారిని, శౌర్య పతకం పొందినవారిని మాత్రమే కేంద్రం మాజీ సైనికులుగా గుర్తిస్తుంది.

అధికారుల విషయం క్లుప్తంగా: వారిది డిశ్చార్జి కాదు, కమిషన్‌కు, అంటే అధికారి హోదాకు, రాజీనామా. కమాండింగ్ ఆఫీసర్ నుంచి గ్రూప్ హెడ్‌క్వార్టర్స్‌కు, అక్కడి నుంచి ఢిల్లీలోని టీఏ డైరెక్టరేట్‌కు వెళుతుంది. ఆమోదం అందేదాకా రాజీనామా చేసినట్టు కాదు. రైల్వే, చమురు సంస్థల ఉద్యోగులతో ఏర్పడిన డిపార్ట్‌మెంటల్ యూనిట్ల వారు తమ శాఖాధిపతి అనుమతి కూడా జతచేయాలి.

నిరాకరిస్తే కారణం లిఖితపూర్వకంగా అడగండి. పరిస్థితి మారితే, కొత్త ఆధారం దొరికితే మళ్లీ పెట్టుకోవచ్చు. అన్యాయం జరిగిందనిపిస్తే ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద పై అధికారికి ఫిర్యాదు, అధికారులకైతే 27వ సెక్షన్. అక్కడా తేలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలంగాణ దాని చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తుంది. సైన్యంలోని ఫిర్యాదు మార్గాలు వాడకుండా వెళితే ట్రిబ్యునల్ మామూలుగా వెనక్కి పంపుతుంది. అర్జీ ఏ బల్ల మీద ఆగిందో కూడా తెలియకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అర్జీ తేదీ, స్పీడ్ పోస్టు నంబరు అందులో రాసి, ‘దీనిపై ఇప్పటివరకు తీసుకున్న చర్య, ప్రస్తుతం ఫైలు ఉన్న కార్యాలయం’ అని రెండే ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.