ముక్కూ మొహం తెలియనివాడికి దొరకాలి, మేనమామకి దొరకకూడదు
(సొంతంగా పనిచేసే మేల్ ఎస్కార్ట్ కోసం పాఠాలు: నాలుగో పాఠం – ప్రకటన, ఫోటో, నంబరు)

పోయిన పాఠంలో 'ప్లేబాయ్ జాబ్' మోసాల గురించి చెప్పాను. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, తర్వాత ఐడీ కార్డంటారు, మెడికల్ టెస్టంటారు, విడతలవారీగా లాగేస్తారు. పని మాత్రం ఉండదు. సరే, ఏజెంటూ వద్దు, ఆఫీసూ వద్దు, నా అంతట నేనే చేసుకుంటాను అనుకున్నవాడికి వెంటనే రెండు సందేహాలు వస్తాయి. నేనున్నానని క్లయింట్‌కి ఎలా తెలియాలి? క్లయింట్‌కి తెలిసేలా పెడితే ఊరికి తెలియకుండా ఎలా ఉంటుంది? మొదటిది తేలిక. ఈ పాఠంలో ఎక్కువ భాగం రెండోదాని గురించే.

ఈ పాఠాలు పద్దెనిమిదేళ్ళు దాటి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ పనిలో ఉన్న మగవాళ్ళ కోసం. ఇందులోకి రమ్మని నేను ఎవరికీ చెప్పను. ఉన్నవాడు పరువు, ప్రాణం పోగొట్టుకోకూడదన్నదే నా తాపత్రయం.

హైదరాబాద్‌లో పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. మన గోదావరి జిల్లాల్లో అలా కాదు. రావులపాలెం సెంటర్‌లో నిలబడి టీ తాగుతుంటే చాలు, పక్కనున్న పెద్దాయన "ఏవూరండీ మీది? ఎవరబ్బాయి?" అంటాడు. ఇంటిపేరు చెబితే ఊరు పట్టేస్తాడు, ఊరు చెబితే మీ తాతగారి పేరు చెప్పేస్తాడు. మంచి మనసుతో అడిగే ప్రశ్నలే, కాదనను. కానీ మన పనికి అవే గండం. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు మీ ప్రకటనలో ఏ మూలా దొరక్కూడదు. పేరు మార్చినంత మాత్రాన దాక్కున్నట్టు కాదు. డెల్టాలో మనిషిని పేరుతో కన్నా చుట్టూ ఉన్నవాటితోనే ఎక్కువ గుర్తుపడతారు.

ఇది నాకు తెలిసొచ్చింది ఒక క్యాలెండర్ వల్ల. మొదటిసారి ఫోటో పెట్టినప్పుడు చాలా జాగ్రత్త పడ్డాననుకున్నాను. గడ్డం కింద నుంచి నడుం దాకా, ముఖం లేకుండా, మా మేడ మీది గదిలో తీసుకున్నాను. మూడో రోజు ఒకతను మెసేజ్ పెట్టాడు: "మీది ఫలానా లాకుల దగ్గర ఊరు కదండీ?" గుండె ఆగినంత పనైంది. ఫోటో మళ్ళీ తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నా ఎడమ భుజం వెనక గోడకి ఎరువుల కొట్టువాళ్ళు సంక్రాంతికి పంచిన క్యాలెండర్. అందులో సగం నా భుజం వెనకే ఉంది. మిగతా సగంలో కొట్టు పేరులో చివరి మూడక్షరాలు, దాని కింద ఊరి పేరు, ఫోన్ నంబర్లో నాలుగంకెలు. అతను మంచివాడు కాబట్టి చెప్పి ఊరుకున్నాడు. ఆ రాత్రే ఫోటో తీసేశాను. కానీ ఆ మూడు రోజుల్లో ఇంకెవరు దాచుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని ఫోటో దగ్గర మొదలుపెడదాం. తెల్ల గోడ ముందు నిలబడండి. కిటికీ ఉంటే ఊచల డిజైన్ కనబడకుండా చూసుకోండి. పాత ఇళ్ళలో ఊచల డిజైన్ ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది, బంధువులు ఇట్టే గుర్తుపడతారు. అద్దం, బీరువా తలుపు, ఆఫ్ చేసిన టీవీ, వీటిలో ఏం కనిపిస్తోందో చూడండి. చేతికి తాయెత్తు, ఉంగరం, మెళ్ళో గొలుసు, పుట్టుమచ్చ, కాలేజీ పేరున్న టీషర్టు ఏవీ వద్దు. బయట తీసుకుంటే ఇంకా కష్టం. ధవళేశ్వరం బ్యారేజీ, రాజమండ్రి ఆర్చి వంతెన, పుష్కర ఘాట్ వెనకాల ఉంటే ఫోటో అందంగా వస్తుంది. కానీ ఏ గట్టు మీద నిలబడ్డారో మనవాళ్ళు కళ్ళు మూసుకుని చెబుతారు.

కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఎక్కడ తీశారో ఆ అక్షాంశ రేఖాంశాలు ఫోటో ఫైల్లోనే దాగుంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. అదే ఫోటోని 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. క్వాలిటీ పోకూడదని చాలామంది డాక్యుమెంట్‌గానే పంపుతారు, అక్కడే దొరికిపోతారు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఇప్పుడే ఆఫ్ చేసి, తర్వాత పేరా చదవండి. తీసిన ఫోటోకి స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే వాడటం సులువైన పద్ధతి.

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాలోనో ఇంతకుముందు పెట్టిన ఫోటోని ముఖం కత్తిరించి వాడొద్దు. గూగుల్ లెన్స్‌లో వేస్తే పాతది బయటికి వచ్చేస్తుంది. ఇంకో సంగతి, చాలా ఇళ్ళలో ఒకే జీమెయిల్ అన్నయ్య ఫోన్లో, హాల్లో టీవీలో, చెల్లెలి ట్యాబ్‌లో ఉంటుంది. ఫోటోల బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీరు మేడ మీద తీసుకున్న ఫోటో కింద హాల్లో ప్రత్యక్షమవుతుంది. ఈ పనికి వేరే జీమెయిల్ పెట్టుకోండి, బ్యాకప్ ఆఫ్ చేయండి. వీలైతే వేరే పాత ఫోన్ పెట్టుకుంటే సగం టెన్షన్ తీరిపోతుంది.

ఇక ప్రకటనలో రాసే మాటలు. వయసు అంకె వేయకుండా 'ముప్పై లోపు' అనండి. ఊరి పేరు వద్దు, 'గోదావరి జిల్లాలు' చాలు. 'రెండో శనివారం, ఆదివారం ఖాళీ' అని ఒకతను రాశాడు. బ్యాంకులో చేస్తాడని ఎవరికైనా అర్థమైపోతుంది. నేనైతే ఇలా రాస్తాను:

'ముప్పై లోపు వయసు. శుభ్రంగా, మర్యాదగా ఉంటాను. భోజనానికి, ప్రయాణానికి, కబుర్లకి తోడు. రెండు రోజుల ముందు చెప్పాలి. మీ వివరాలు ఎవరికీ చెప్పను, నా వివరాలు అడగొద్దు. పద్దెనిమిది దాటినవాళ్ళు మాత్రమే. మెసేజ్ చేయండి, కాల్స్ వద్దు.'

అంతే. శరీర కొలతలు, చేసే పనుల జాబితా, వాటి పక్కన రేట్లు వద్దు. ఇది సిగ్గు కోసం చెప్పడం లేదు, చట్టం కోసం చెబుతున్నాను. రెండో పాఠంలో వివరంగా చూశాం కాబట్టి ప్రకటనకి సంబంధించినంత వరకే మళ్ళీ చెబుతాను. పెద్దవాళ్ళు ఇష్టపడి చేసుకునే ఈ పని మన దేశంలో దానికదే నేరం కాదు. కానీ 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం 8వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో క్లయింట్లని పిలవడం నేరం. ఆ నేరం చేసింది మగవాడైతే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 నెలలు జైలు. ఇంటర్నెట్ వీధి కాదు కదా అని ధీమాగా ఉండొద్దు. అక్కడ ఐటీ చట్టం ఉంది. లైంగిక చర్య చూపించే బొమ్మ, వీడియో పెడితే 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. స్నేహితుడితో కలిసి గది తీసుకుని ఇద్దరూ అక్కడే పని చేద్దామనుకోవద్దు. ఇద్దరి లాభం కోసం వాడితే ఆ గది చట్టం కళ్ళకి వేశ్యాగృహమే అవుతుంది.

నంబరు సంగతికొద్దాం. ప్రకటనలో ఫోన్ నంబరే పెట్టకండి. టెలిగ్రామ్‌లో యూజర్‌నేమ్ పెట్టుకుని నంబర్ ఎవరికీ కనబడకుండా చేసుకోవచ్చు. సిగ్నల్ యాప్‌లో కూడా 2024 నుంచి యూజర్‌నేమ్ ఉంది. ఆ యూజర్‌నేమ్‌లో పుట్టిన సంవత్సరం, అభిమాన హీరో, ఇంటిపేరులో మొదటి అక్షరం, మీ ఇన్‌స్టా పేరు ముక్క ఇలాంటివేవీ ఉండకూడదు. నంబర్ ఇస్తే ఏమవుతుందంటే, ఎవరో ఒక క్లయింట్ దాన్ని 'ఎస్కార్ట్ కాకినాడ' అని సేవ్ చేసుకుంటాడు. రేపు మీ బావగారికి కాల్ చేసినప్పుడు ఆయన ట్రూకాలర్‌లో అదే పేరు పడొచ్చు.

రెండో సిమ్ కావాలంటే మీ పేరు మీదే తీసుకోండి. మన పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు. ఎవరిదో ఆధార్‌తో తీసిన సిమ్ వంద రూపాయలు ఎక్కువిస్తే దొరుకుతుందని ఎవరైనా చెబితే దండం పెట్టి వచ్చేయండి. 2023 టెలికాం చట్టంలో మారుపేరుతో సిమ్ తీసుకుంటే 3 ఏళ్ళ వరకు జైలు ఉంది. మనం దాక్కోవాల్సింది బంధువుల కంటి నుంచి. చట్టం నుంచి దాక్కోవడం మొదలుపెడితే, రేపు మనకే అన్యాయం జరిగినప్పుడు స్టేషన్ మెట్లెక్కే దారి మూసుకుపోతుంది.

కొత్త సిమ్‌లో ఇంట్లోవాళ్ళ నంబర్లు ఎక్కించకండి. ఏ యాప్ అయినా 'కాంటాక్ట్స్ చూడనివ్వాలా' అంటే వద్దనండి. ఒప్పుకుంటే 'మీకు తెలిసినవాళ్ళు కావచ్చు' అని మీ కొత్త ప్రొఫైల్‌ని పిన్ని కొడుక్కి తీసుకెళ్ళి చూపిస్తుంది.

డబ్బు నోట్ల రూపంలోనే తీసుకోండి. యూపీఐలో మీరు ఏ మారుపేరు పెట్టుకున్నా, పంపేవాడి ఫోన్లో బ్యాంకు ఖాతా పేరు ఇంటిపేరుతో సహా పడుతుంది. నేను ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక చిన్న ఆటో చార్జీల డబ్బు ఒకసారి ఫోన్‌పేలో తీసుకున్నాను. అతను స్క్రీన్ చూసి, మా ఇంటిపేరుతో తనకి తెలిసిన డాక్టర్ గారి పేరు చెప్పి "మీరు వాళ్ళ తాలూకానా?" అన్నాడు. అవునా కాదా అన్నది వదిలేయండి, ఆ ప్రశ్న రాకుండా ఉండాల్సింది.

లొకేషన్ చూపించే డేటింగ్ యాప్‌ల గురించి మన డెల్టాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ యాప్‌లు దూరాన్ని కాకి ఎగిరినట్టు లెక్కేస్తాయి, రోడ్డు పట్టించుకోవు. సఖినేటిపల్లిలో ఉన్నవాడికి నరసాపురంలో ఉన్నవాడు పక్కనే ఉన్నట్టు కనిపిస్తాడు. మధ్యలో వశిష్ఠ గోదావరి. నది దాటించే పంటు లేని వేళైతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. దగ్గరే కదా అని రాత్రిపూట ఒప్పుకుని గట్టు మీద చిక్కుకుపోయినవాళ్ళు ఉన్నారు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఊళ్ళో ఆ యాప్ వాడేది ముగ్గురో నలుగురో. '300 మీటర్లు' అని పడితే చూసేవాడు వీధి లెక్కపెట్టుకుంటాడు, రెండు మూడు చోట్ల నుంచి చూస్తే ఇల్లే దొరుకుతుంది. దూరం చూపించే సెట్టింగ్ ఆఫ్ చేయండి. ఇంట్లో ఉండగా యాప్ తెరవకండి. రాజమండ్రి బస్టాండులోనో, కాకినాడలోనో ఉన్నప్పుడు తెరవండి.

ఇన్ని చేసినా ఏదో ఒకరోజు ఆ మెసేజ్ రావచ్చు. 'నీ ఫోటోలు నా దగ్గరున్నాయి. ఇరవై వేలు పంపు, లేకపోతే మీ నాన్నకి పంపుతా.' చేతులు వణుకుతాయి, తెలుసు. రూపాయి కూడా పంపకండి. ఒకసారి పంపితే వచ్చే నెల మళ్ళీ అడుగుతాడు. బ్లాక్ చేసేముందు అతని నంబరు, యూపీఐ ఐడీ, మెసేజ్‌లు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. భయంతో చాట్ చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లేకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఫిర్యాదులో మీరేం పని చేస్తారో కథంతా చెప్పనక్కర్లేదు. 'నా ప్రైవేటు ఫోటోలు బయటపెడతానని బెదిరించి డబ్బు అడుగుతున్నాడు' అన్న వాక్యం నిజం, అది చాలు. అతను చేస్తున్నది భారతీయ న్యాయ సంహిత 308 కింద బలవంతపు వసూలు. అనుమతి లేకుండా ప్రైవేటు భాగాల ఫోటో తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద 3 ఏళ్ళ వరకు జైలు. 'మగాడితో తిరిగావని 377 కేసు పెట్టిస్తా' అంటే అస్సలు బెదరకండి. అది స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. 2022 మే 19న అదే కోర్టు, ఈ పనిలో ఉన్నవాళ్ళని పోలీసులు మర్యాదగా చూడాలనీ, వాళ్ళ పేర్లు, ముఖాలు మీడియా బయటపెట్టకూడదనీ చెప్పింది. ఈ తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, అవసరమైన రోజు గుర్తుకు రావు.

ఫోటోలు నిజంగానే పాకుతాయని భయముంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది. మీ ఫోటో వాళ్ళకి వెళ్ళదు. దాన్నుంచి వేలిముద్రలాంటి ఒక కోడ్ మీ ఫోన్లోనే తయారై, అది మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి, అందులో చేరిన వేదికలు ఆ కోడ్‌కి సరిపోయే ఫోటోని ఆపుతాయి. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. ఇలాంటి బెదిరింపుకి ప్రాణం మీదకి తెచ్చుకోవద్దని మీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

క్లయింట్ పరువు కూడా మన చేతిలోనే ఉంటుంది. అసలు పేరు సేవ్ చేయొద్దు, చాట్ ఉంచుకోవద్దు. కలిసి వచ్చాక ఎవరికీ, ఈ పనిలో ఉన్న స్నేహితుడికి కూడా, ఆయనది ఏ ఊరో చెప్పొద్దు. వాట్సాప్‌లో మెసేజ్‌లు 24 గంటల్లో వాటంతటవే పోయేలా పెట్టుకోవచ్చు, బెదిరింపు వచ్చిన చాట్‌కి తప్ప.

ఈ వారం అభ్యాసం. మీరు వాడదామనుకున్న ఫోటోని వేళ్ళతో సాగదీసి నాలుగు మూలలూ చూడండి. కనిపించిన ప్రతి వస్తువుకీ 'ఇది చూసి మా మేనమామ నన్ను పడతాడా' అని అడగండి. ఒక్కదానికి అనుమానం వచ్చినా కొత్తది తీయండి. తర్వాత ఆధార్ సైట్ నుంచి చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని పెట్టుకోండి. వచ్చే పాఠంలో లాడ్జి రిజిస్టరు ముందు నిలబడతాం, అక్కడ దాంతో పని ఉంది.