శంఖపుష్పంలో కొత్త రకం రావడం లేదా? ముందు మొగ్గ విప్పి చూడండి

విత్తనం పెంకు గీకి నానబెట్టడం, తీగకు దారం కట్టడం, ఎండ, నీళ్లు ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నా. రెండు రకాల శంఖపుష్పాలను కలిపి కొత్త పువ్వు తీద్దామని మొదలుపెట్టి, మధ్యలో తేడా కొట్టిన వాళ్ల కోసం ఇది. శంఖపుష్పం అంటే మన పల్లెల్లో దింటెన అంటారే, అదే. రెక్క పువ్వుంది, ముద్ద పువ్వుంది. ముదురు నీలం, లేత నీలం, ఊదా, తెలుపు ఉన్నాయి. ఏళ్ల తరబడి బతికే తీగ, విత్తిన రెండు నెలలకే పూస్తుంది. బెంగళూరు మేడ మీద ఆడుకోవడానికి ఇంతకంటే మంచి మొక్క నాకు దొరకలేదు. అయితే ఇది ఆడుకోనిస్తున్నట్టే ఉండి మోసం చేస్తుంది.

సమస్య: క్రాస్ చేశాను, కాయ పట్టింది, కానీ మొలిచినవన్నీ అచ్చం తల్లిలాగే ఉన్నాయి

నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఇదే. పోయిన నెల మారతహళ్లి నుంచి ఒక కుర్రాడు చేశాడు.

"అన్నా, బ్రష్‌తో పుప్పొడి రాశాను. ఎనిమిది పువ్వులకు ఏడు కాయలు పట్టాయి. అంటే క్రాస్ అయినట్టే కదా?"

"ముట్టుకోని మొగ్గకు కవరు కట్టి చూశావా తమ్ముడూ?"

"దానికెందుకన్నా కవరు?"

ఎందుకంటే ముట్టుకోకపోయినా కాయ పడుతుంది కాబట్టి. ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే నెట్ సంచులు ఇంట్లో పది పడి ఉంటాయి. ఐదు మొగ్గలకు, ఏమీ చేయకుండా, సాయంత్రం అవి కట్టండి. తుమ్మెద వాలదు, గాలి పెద్దగా తగలదు, మీ బ్రష్ తాకదు. వారం తిరిగేసరికి వాటిలో చాలావాటికి చిన్న చిన్న కాయలు కనిపిస్తాయి. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా ఆరు నెలలు పోగొట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

అసలు కారణం ఇది: పువ్వు విచ్చుకోకముందే పెళ్లయిపోతుంది. శంఖపుష్పం బఠాణీ, కంది కుటుంబానికి చెందింది. వాటిలాగే దీనిలోనూ పుప్పొడి తిత్తులు మొగ్గలోనే పగిలి, పక్కనే ఉన్న కీలాగ్రం మీద, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగం కొన మీద, పుప్పొడి పడిపోతుంది. పొద్దున ఏడింటికి కాఫీ గ్లాసు పట్టుకుని మేడెక్కి, కళకళలాడుతున్న పువ్వు చూసి మీరు బ్రష్ తీసేసరికి లోపల కథ ముగిసిపోయి ఉంటుంది. మీరు రాసిన పుప్పొడి ఆలస్యంగా వచ్చిన చుట్టం.

నమ్మకం కుదరకపోతే కళ్లతోనే చూడండి. రేపు విచ్చుకునే మొగ్గ ఒకటి తెంపండి. తొడిమె దగ్గర రెండు గుండ్రటి చిన్న ఆకుల్లాంటివి ఉంటాయి. వాటి పైన ఐదు కొనల పచ్చటి గిన్నె, అందులోంచి గొడుగు మడిచినట్టు చుట్టుకున్న పెద్ద రేక. దాన్ని వేలితో వెనక్కి తీస్తే రెండు పక్క రేకలు, వాటి మధ్య తెల్లగా వంకీ తిరిగిన చిన్న పడవ. ఆ పడవను గుండుసూదితో నిలువునా చీల్చండి. పది కేసరాలు, అంటే కొనన పుప్పొడి తిత్తి ఉండే సన్న కాడలు, కనిపిస్తాయి. తొమ్మిది కింద ఒక గొట్టంలా కలిసి ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. గొట్టం లోపల సన్నగా, పచ్చగా ఉన్నదే రేపటి కాయ. ఇప్పుడు పదింతలు పెద్దగా చూపే భూతద్దం పెట్టండి. తిత్తులు నున్నగా, గింజల్లా బిగువుగా ఉంటే మీరు సమయానికి వచ్చారు. వాటి మీద, కీలాగ్రం చుట్టూ ఉన్న నూగు మీద పిండి చల్లినట్టు కనిపిస్తే మొగ్గ మూసి ఉన్నా లాభం లేదు.

నా మొదటి ప్రయోగం ఎలా బోల్తా పడిందో చెబుతాను. తల్లి ముదురు నీలం రెక్క పువ్వు, తండ్రి తెల్ల ముద్ద పువ్వు. వీటి మనవల్లో లేత నీలం ముద్ద ఒకటైనా వస్తుందని ఆశ. మొగ్గలోనే తిత్తులు తీయాలని అప్పటికే చదివాను, తీశాను కూడా. కాకపోతే ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయ్యేది, ఫోన్ లైటు వెలుతురులో తీసేవాణ్ణి. పదకొండు మొక్కలు వచ్చాయి, అన్నీ ముదురు నీలమే. నాకేమో మహా ఆనందం. నీలానికీ తెలుపుకీ పెళ్లి చేస్తే మొదటి తరంలో నీలమే పైకి తేలుతుంది, తెలుపు లోపల దాక్కుంటుంది కదా, క్రాస్ అద్భుతంగా కుదిరిందనుకున్నాను. వాటి విత్తనం దాచి నలభై మొక్కలు వేశాను. మా ఆవిడకు బట్టలు ఆరేసుకోవడానికి తీగ మిగల్లేదు. నలభైకి నలభై ముదురు నీలం రెక్క పువ్వులే. ఒక్క తెలుపు లేదు. నిజంగా క్రాస్ అయి ఉంటే నాలుగింట ఒకటైనా తెలుపు తేలాలి. రాత్రి తొమ్మిదికి నేను తీసినవన్నీ అప్పటికే పగిలిన తిత్తులు. ఏడాదంతా నేను పెంచింది తల్లి సొంత పిల్లల్నే.

నా తప్పు తిత్తులు ఆలస్యంగా తీయడం ఒక్కటే కాదు, ఆ ఆలస్యాన్ని బయటపెట్టని తల్లిని ఎంచుకోవడం కూడా. నీలం తల్లికి నీలం పిల్ల పుడితే అది సొంత పిల్లో, క్రాసో చూసి చెప్పలేం. అందుకే ఇప్పుడు నేను ఎవరికైనా మొదట చెప్పేది: తెల్లదాన్ని తల్లిగా పెట్టండి, నీలాన్ని తండ్రిగా పెట్టండి. తారుమారు చేసినా రంగు లెక్క మారదు. కానీ ఇప్పుడు తల్లి సొంతంగా కన్న పిల్లయితే తెల్లగా పూస్తుంది, క్రాస్ అయినదైతే నీలంగా పూస్తుంది. తెల్లగా పూసిన మొక్కను మొహమాటం లేకుండా పీకేయండి. మోసం ఏదైనా ఉంటే రెండు నెలల్లో తేలిపోతుంది.

ఇక పద్ధతి. మా రామమూర్తి నగర్ మేడ మీద సాయంత్రం నాలుగూ ఐదింటి మధ్య, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్లో తిత్తులు ఇంకా మూసే ఉంటాయి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఇంకా ముందే చూసుకుంటాను. గడియారాన్ని కాదు, భూతద్దాన్ని నమ్మండి. పెద్ద రేకను పక్కకు తీసి, పడవను చీల్చి, సన్న మొనల పట్టకారుతో పది తిత్తులనూ ఒక్కొక్కటే గిల్లండి. లెక్కపెట్టండి. తొమ్మిది తీసి పదోది వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక్క తిత్తి పగిలినట్టు అనిపించినా ఆ మొగ్గ తెంపి పారేసి, పట్టకారును స్పిరిట్ దూదితో తుడవండి. తర్వాత నెట్ సంచి. మర్నాడు పొద్దున తండ్రి మొక్క నుంచి అప్పుడే విచ్చుకున్న పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రానికి రాసి, మళ్లీ సంచి కట్టి, తొడిమెకు రంగు దారం ముడి వేయండి. తండ్రి పువ్వు కూడా రాత్రంతా సంచిలో ఉన్నదే కావాలి, లేకపోతే తుమ్మెద ఎవరి పుప్పొడి తెచ్చి దాని మీద పెట్టిందో తెలియదు.

దీంతో పాటు ప్రతి విడతలో ఐదు మొగ్గల్ని తిత్తులు తీసి, ఏ పుప్పొడీ రాయకుండా సంచి కట్టి వదిలేయండి. వాటికి కాయ పట్టకూడదు. ఒక్కదానికి పట్టినా ఆ విడత మొత్తం అనుమానమే. మారతహళ్లి తమ్ముడు ఇది చేశాడు, ఐదింట నాలుగు కాయలు పట్టాయి. ఫోన్లో కాసేపు మాట్లాడలేదు పాపం.

సమస్య: తిత్తులు తీసిన పువ్వులన్నీ మర్నాడే రాలిపోతున్నాయి

కాయ అయ్యే భాగం కేసరాల గొట్టంలోనే ఉంటుందని చెప్పాను కదా. గొట్టాన్నే పట్టుకుని లాగితే దానికీ దెబ్బ తగులుతుంది. తిత్తులను కొన దగ్గర గిల్లితే చాలు. చేయి కుదిరేవరకు మొదటి ఇరవై పోతాయి, టెన్షన్ పడకండి. చేయి కుదిరాక కూడా రాలుతుంటే, అదే తీగ మీద ముదురుతున్న కాయలు ఎక్కువున్నాయేమో చూసి కొన్ని కోసేయండి. వాన పడిన రోజు పుప్పొడి తడిసి ముద్దవుతుంది, ఆ రోజు పని మానేయండి. డిసెంబరు, జనవరి చలిలో మా దగ్గర పూత, కాయ రెండూ మందగిస్తాయి. అప్పుడు విత్తనాలు ఏరుకుంటూ కూర్చోవడం మేలు.

సమస్య: క్రాస్ కుదిరింది, కానీ మొదటి తరమంతా మామూలు నీలమే, కొత్తదేమీ లేదు

ఇది సమస్య కాదు, తొందర. ఎఫ్1 మొక్కల్ని, అంటే క్రాస్ నుంచి వచ్చిన మొదటి తరాన్ని, చూసి నిరాశపడి కంపోస్టులో వేసిన వాళ్లను తిట్టాలనిపిస్తుంది. అసలు వింతలు మనవల్లో బయటపడతాయి. ఎఫ్1 తీగ మీద మీరు చేయాల్సింది నెట్ సంచి కట్టడమే. ఇంతసేపూ మనల్ని ఏడిపించిన సొంత పెళ్లి అలవాటే ఇక్కడ మన పని చేసిపెడుతుంది.

తక్కువ మొక్కలు వేస్తే మాత్రం ఏమీ కనిపించదు. దాగిన గుణం ఒక్కటే బయటపడాలంటే నాలుగింట ఒక వంతు, కనీసం 11 మొక్కలు వేస్తే నూటికి 95 పాళ్లు ఒకటైనా కనబడుతుంది. విడివిడిగా నడిచే దాగిన గుణాలు రెండు ఒకే మొక్కలో కలవాలంటే పదహారింట ఒక వంతు, అదే భరోసాకు 47 మొక్కలు కావాలి. ఆరు కుండీలు పెట్టి "రాలేదండీ" అంటే ఎలా వస్తుంది? చోటు లేకపోతే చిన్న కవర్లలో వేసి, మొదటి పువ్వు చూసి నచ్చనివి తీసేయండి. అంతవరకు పెద్ద కుండీ అక్కర్లేదు.

సమస్య: కొత్త రంగు పూసింది, రెండు వారాలకు మాయమైంది

ఎండ, వయసు, ఫోన్ కెమెరా. ఈ మూడింటిలో ఒకటి. మధ్యాహ్నానికి వాడే పువ్వు రంగు మారుతుంది. నీలాన్ని, ఊదాను ఫోన్ కెమెరా తనకు తోచినట్టు చూపిస్తుంది. పొద్దున ఒకే వేళకు, నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయండి. పది పువ్వులు వరుసగా అలాగే ఉంటేనే నాకు చెప్పండి. నిమ్మరసం పిండితే శంఖపుష్పం టీ ఊదాగా మారుతుంది చూశారా? ఈ నీలానికి పులుపు, చవుడు తగిలితే మారే గుణం ఉంది. అది రకం మారడం కాదు.

నిజంగానే ఒక్క కొమ్మ మాత్రం వేరే రంగు పూసి, ఆ కొమ్మ మీద ప్రతిసారీ అదే వస్తుంటే ముదిరిన తీగ ముక్క కోసి వేరుగా నాటండి. ఇది బహువార్షికం కాబట్టి విత్తనం కోసం కంగారు పడనక్కర్లేదు.

సమస్య: మంచి మొక్క దొరికింది, దాని పిల్లలు మాత్రం తలా ఒక రంగు

ఇంకా కలగలుపు పోలేదు, అంటే పైకి కనిపించని వేరే గుణాలు దానిలో ఇంకా దాగి ఉన్నాయి. నెట్ సంచి కింద సొంతంగా కాయనిస్తే ఒక్కో తరానికి ఆ కలగలుపు సగానికి తగ్గుతుంది. రెండో తరంలో 50 శాతం ఉంటే మూడో తరంలో 25, నాలుగో తరంలో 12.5. తెలుపులాంటి దాగే గుణం బయటపడితే మాత్రం ఆ గుణం వరకు అది అప్పటికే నిలకడే. మిగతా వాటికి ఐదారు తరాలు ఓపిక పట్టాలి, మన వాతావరణంలో ఏడాదికి రెండు తరాలు లాగొచ్చు. కొత్త రకాల రక్షణకు మనకున్న 2001 చట్టం కూడా మిగతా రకాలకు భిన్నంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు మారినా నిలవాలి అంటుంది. ఒక్క మొక్కకు ఒక అందమైన ఫోటో ఉంటే అది రకం కాదు.

అరుదైనవి

ఆకుల మీదా పువ్వుల మీదా చారలు వస్తే వైరస్ అయ్యుండొచ్చు, ఆ మొక్కను పీకేయండి. కోల్చిసిన్ అనే రసాయనం వేసి పెద్ద పువ్వు తీస్తామనేవాళ్లకు: అది విషం, పిల్లలు తిరిగే మేడ మీద వద్దు. ఎర్ర శంఖపుష్పం, పసుపు శంఖపుష్పం అని ఆన్‌లైన్‌లో కొన్న విత్తనం నీలంగా పూసిందని అడుగుతుంటారు. ఈ పువ్వు రంగంతా డెల్ఫినిడిన్ అనే పదార్థం మీద కట్టింది, అది నీలం, ఊదా వైపే లాగుతుంది. 2017లో జపాన్ పరిశోధకులు చామంతికి అసలైన నీలం తెప్పించడానికి వాడిన రెండు జన్యువుల్లో ఒకటి ఈ శంఖపుష్పం నుంచి తీసుకున్నదే. చామంతికే నీలం అప్పిచ్చిన మొక్క దగ్గర ఎరుపు అడిగితే ఆ ప్యాకెట్టు డబ్బులు పోయినట్టే లెక్క.